వినేదాకా కత్తెర ఆయనదే

పెళ్ళినాడు తెల్లగౌనులో ఉన్న మా అమ్మను చూసి మా నాన్న "పర్లేదు" అన్నాడట. ఆ ముక్క పట్టుకుని ఆవిడ జీవితాంతం దెప్పిపొడిచింది. ఇంగ్లండులో మా షెఫీల్డ్ ఊరి మగాళ్ళ నోటి నుంచి అంతకన్నా పెద్ద పొగడ్త రాదని ఆవిడకూ తెలుసు. అయినా ఊరుకుంటుందా!

మా కత్తెరల కార్ఖానా మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచేది. పై అంతస్తులో అలుగులకు, అంటే కత్తెర రెక్కలకు, సాన పడతారు. కింద, వీధివైపు కిటికీ దగ్గర, జతలు కుదిర్చే హెడ్లీ బల్ల. సాన పట్టిన రెండు అలుగులు ఆయన ముందుకు వస్తాయి. వాటిని జత కలిపి, నడుమ మర బిగించి, చిన్న సుత్తితో అక్కడో దెబ్బ, ఇక్కడో దెబ్బ వేసి వంపు తిప్పుతాడు. రెండు అలుగులూ ఎప్పుడూ ఒక్క చోటే తాకాలి. కత్తెర మూస్తుంటే ఆ తాకిడి మొదలు నుంచి మొన దాకా జారుతూ పోవాలి. అది కంటికి కనబడదు, చెవికే తెలుస్తుంది.

అందుకే మా ఇంటి ఆచారం అలా వచ్చింది. హెడ్లీ చేసిన కత్తెరను యజమాని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి మూస్తాడు. "పర్లేదు" అంటే అది కార్ఖానాది. "మళ్ళీ చూడు" అంటే తిరిగి బల్ల మీదికి. ఏదో ఒకటి అనేదాకా ఆ కత్తెర హెడ్లీదే. దాన్ని ఇంటికి పట్టుకుపోయి గోళ్ళు కత్తిరించుకున్నా అడిగేవాడు లేడు. ఎందుకంటే ఆయన మా దగ్గర జీతానికి ఉన్నవాడు కాదు. ఆ బల్లను, ఆ కిటికీని అద్దెకు తీసుకుని తన పని తాను చేసుకునేవాడు. మా ఊరి పాత పనివాళ్ళందరిదీ అదే పద్ధతి. ఆయన తాత, ఆయన తండ్రి కూడా ఆ బల్లకే అద్దె కట్టారు.

నా చిన్నప్పుడు మా వాకిలి ఎంత సందడిగా ఉండేదో! మెరుగు పెట్టే ఆడవాళ్ళు ఒంటికి గోధుమరంగు కాగితం చుట్టుకుని, తలకు ఎర్రగుడ్డ కట్టుకుని, ముఖమంతా మసితో పకపకా నవ్వుతూ దిగేవాళ్ళు. వాళ్ళ బూతులు వినిపించకుండా మా అమ్మ నా చెవులు మూసేది. నేను హెడ్లీ బల్ల కింద దూరి, రాలిన ఇనుప రజను అయస్కాంతంతో ఏరుకునేదాన్ని. ఆయన అప్పటికి మీసాలు సరిగా రాని కుర్రాడు. "బాబాయ్" అని పిలవమని మా నాన్నే నేర్పాడు. ఆయన నన్ను "పిల్లా" అన్నాడు. నాకు అరవై దాటినా, కార్ఖానా నా పేర ఉన్నా, ఇప్పటికీ పిల్లానే.

జూలై చివర్లో ఊరు ఊరంతా పని ఆపేసేది. అందరం ఒకే రైలెక్కి క్లీథార్ప్స్ సముద్రానికి పోయేవాళ్ళం. ఇక్కడ ఎవరి మొహాలు చూసి విసిగిపోయామో అక్కడ ఇసుకలో మళ్ళీ ఆ మొహాలే. హెడ్లీ బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చుని సముద్రం వైపు అనుమానంగా చూసేవాడు. అవతల ఏముందో తెలుసుకోవాలనే కోరిక ఆయనకు ఏ కోశానా లేదు.

అవతలి నుంచి లీవెన్ వచ్చేవాడు. ఆయనది యూరప్ గడ్డ మీద గెంట్ ఊళ్ళో దర్జీ సామాన్ల దుకాణం. అక్కడి కుట్టుపని బడికి ప్రతి ఏడూ మా కత్తెరలే ఇచ్చేవాడు. ఏటా మే నెలలో ఓడ దిగి వచ్చి, పల్చటి కాగితాన్ని నీళ్ళలో ముంచి, హెడ్లీ బల్ల దగ్గరే నిలబడి మొన దాకా కత్తిరించి చూసేవాడు. కాగితం నలగకుండా తెగితే మా నాన్న యాసలోనే "పర్లేదు" అనేవాడు. ఇంగ్లీషులో ఆయన బాగా నేర్చిన మాట అదొక్కటే. తరువాత ఆయనా, హెడ్లీ వీధి చివర పబ్‌లో ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే చీకటి పడేదాకా మాట్లాడుకునేవాళ్ళు.

"లీవెన్ గెంట్ రమ్మని పిలుస్తున్నాడుగా, ఒకసారి పోయి రారాదూ బాబాయ్?" అనేదాన్ని.

"వాళ్ళు మాంసం కూరలో బీరు పోసి వండుతారట పిల్లా. బీరును అలా పాడుచేసే ఊరికి నేనెందుకు?"

సరే, ఓటింగు వచ్చింది. యూరప్‌తో ఉండాలా, విడిపోవాలా అని. నేను ఉందామని వేశాను. ఆయన విడిపోదామని వేసి, ఆ సంగతి వాకిట్లో అందరికీ వినబడేలా చెప్పాడు.

"నేను టీ ఎప్పుడు తాగాలో బ్రస్సెల్స్‌లో కూర్చున్నవాడు చెప్తాడా?"

"ఎవడు చెప్పాడు నీకు? రోజంతా తాగుతూనే ఉంటావుగా!"

"చెప్పకముందే జాగ్రత్త పడాలి."

"మరి లీవెన్?"

"లీవెన్‌కి, దీనికి ఏంటి సంబంధం? ఆయన మనవాడు."

ఆ తరువాత వారం రోజులు నాతో మాటల్లేవు. కత్తెర నా చేతికిచ్చి గోడ వైపు చూసేవాడు. నేను మూసి "పర్లేదు" అనగానే విసురుగా లాక్కుని పెట్టెలో వేసేవాడు.

విడిపోవడం మాటల్లో ఉన్నన్నాళ్ళు మాకేం కాలేదు. నిజంగా విడిపోయాక నా తలప్రాణం తోకకొచ్చింది. అదివరకు కత్తెరలు అట్టపెట్టెలో పెట్టి, చిరునామా రాసి, పోస్టు చేస్తే చాలు. ఇప్పుడు ఒక్కో పెట్టెకు బోలెడు కాగితాలు. మొదటి పెట్టె అక్కడెక్కడో గోదాములో పడి ఉండి చివరికి నలిగిపోయి నా గుమ్మానికే తిరిగొచ్చింది. రెండోదానికి లీవెన్‌ను సుంకం కట్టమన్నారు. కారణం వింటే ఒళ్ళు మండుతుంది. మా ఊరి కొలిమి మూతపడ్డప్పటి నుంచి మేము ముడి అలుగులు జర్మనీలో సోలింగెన్ నుంచి తెప్పించుకుంటున్నాం. అందుకని ఆ కత్తెర ఇంగ్లండుది కాదట! మేం సాన పట్టి, జత కలిపి, ప్రాణం పోసింది లెక్కలోకి రాదట!

ఇది చాలదన్నట్టు మా లెక్కలు చూసే ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. నెమ్మదస్తురాలు, పాపం. హెడ్లీని చూసి, "ఈయన మీకు తప్ప ఇంకెవరికైనా పని చేస్తారా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే చట్టం దృష్టిలో ఈయన మీ పనివాడే. జీతంతో సెలవులివ్వాలి, పెన్షన్ కట్టాలి. బల్ల అద్దె మాటలు ఇప్పుడు చెల్లవు" అంది. ఆవిడ చెప్పిందాంట్లో తప్పేం లేదు. ముసలాడికి నాలుగు రోజులు జీతంతో విశ్రాంతి దొరికితే నాకు మాత్రం చేదా? ఒప్పందం రాయించి కింద గదికి పట్టుకెళ్ళాను.

"ఏంటిది?"

"ఇక నుంచి నువ్వు ఇక్కడ ఉద్యోగివి బాబాయ్. సెలవులు, పెన్షన్, టీకి విరామం, అన్నీ ఉంటాయి."

"ఎవడిచ్చిన చట్టం?"

"సెలవుల సంగతైతే, అసలు మొదలుపెట్టింది యూరప్ వాళ్ళే."

"వాళ్ళను వదిలేశాంగా!"

"మనం వచ్చేశాం. చట్టం మనింట్లోనే ఉండిపోయింది."

ఆయనకు నవ్వు రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడు తరాలుగా ఈ బల్లకు అద్దె కట్టాం పిల్లా. ఎవడి కింద కూలీలం కాదు."

"సంతకం పెట్టకపోతే రేపు జరిమానా నా నెత్తిన పడుతుంది. అప్పుడు బల్లా ఉండదు, కిటికీ ఉండదు."

అందులో ఒక షరతు ఉంది. ఇక్కడ చేసిన ప్రతి వస్తువూ చేసిన క్షణం నుంచే కార్ఖానాదని. దాచడం ఇష్టం లేక అది కూడా చదివి వినిపించాను.

"నువ్వు వినకుండానే?" అన్నాడు హెడ్లీ.

"కాగితం మీద అంతే. మన పద్ధతి మనదే."

కళ్ళజోడు పెట్టుకుని సంతకం పెట్టాడు. ఆ నెల నుంచి అద్దె తీసుకోవడం మానేశాను. ఆయన మాత్రం నెల మొదట్లో ఆ డబ్బు కవరులో పెట్టి నా బల్ల మీద పెట్టేవాడు, నేను తిరిగి ఆయన కోటు జేబులో పెట్టేదాన్ని. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

విడిపోయాక రెండో వేసవిలో లీవెన్ ఫోన్ చేశాడు. ఎప్పటి వచ్చీరాని ఇంగ్లీషే, కానీ గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. బడి సెప్టెంబరులో తెరుస్తారు. ఆలోగా కత్తెరలు తన దుకాణంలో ఉంటే సరే, లేకపోతే ఇకమీదట సోలింగెన్ నుంచే తెప్పించుకుంటానన్నాడు. "నేను ముసలివాణ్ణి నోరీన్, ఈ కాగితాలు నా వల్ల కావు" అన్నాడు. నేను ఏ మొహం పెట్టుకుని బతిమాలేది? గెంట్ బేరం పోతే హెడ్లీ బల్లకు సగం పని ఉండదు. ఆ సంగతి నేను ఆయనకు చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను?

ఆ బేరానికి కావలసిన కత్తెరలన్నీ అప్పటికే బల్ల మీద వరసగా ఉన్నాయి. పంపే దారి లేక నేనే వినడం వాయిదా వేస్తూ వచ్చాను.

సోమవారం నాడు హెడ్లీ మెట్లెక్కి నా గదికి వచ్చాడు. నేనుండగా ఎప్పుడూ రాని మనిషి.

"నీ కాగితంలో జీతంతో సెలవు అని ఉందిగా. పెడుతున్నా."

నాకు సంతోషమేసింది. "క్లీథార్ప్స్‌కేనా?"

"అటువైపే. ఇంకాస్త ముందుకు."

"మరి ఆ కత్తెరలు?"

"వచ్చాక విందువుగానిలే."

బుధవారం పొద్దున ఫోన్ మోగింది. సముద్రం అవతలి రాటర్‌డామ్ రేవు నుంచి కస్టమ్స్ అధికారి. మా హెడ్లీ నాకు తెలియకుండా ఎప్పుడో పాస్‌పోర్టు తీయించుకుని, ఇక్కడ హల్ రేవులో ఓడెక్కి, గెంట్ కత్తెరలన్నీ ఒక్కోటీ ఫ్లానెల్ గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుని, ప్రకటించవలసిన సరుకేమీ లేదనే దారిలోంచి దర్జాగా నడిచి వెళ్ళాడట. ఆపి అడిగితే, నా పనిముట్లు నేను పట్టుకెళ్తున్నానన్నాడట.

"అమ్మా, ఇన్ని కత్తెరలు ఒక మనిషి పనిముట్లంటే ఎవరు నమ్ముతారు?" అన్నాడు అధికారి. మర్యాదస్తుడే, గొంతులో విసుగు కన్నా వింత ఎక్కువ వినిపించింది. "ఇవి తనవేనంటున్నారు. మీరు విని ఒప్పుకునేదాకా తనవేనట. ఇదేమిటో నాకు అర్థం కాలేదు. అలాంటిది ఉందా?"

"ఉందండీ. మా పద్ధతి అదే."

"చూడండి, సూటిగా చెప్తాను. ఇవి మీ సంస్థ సరుకైతే, కాగితాల్లేకుండా తెచ్చినట్టు. జప్తు చేయాలి, జరిమానా వేయాలి. ఆయన పేరు కూడా రికార్డులోకి పోతుంది. అలా కాకుండా ఇంకా పూర్తికాని ఆయన సొంత పనే అయితే, సంచీతో సహా ఇవాళ్టి ఓడకే వెనక్కి పంపేస్తాను. మీదా, ఆయనదా?"

నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి హెడ్లీ గొంతు. వయసు మీద పడి, సుత్తి దెబ్బలతో చెవులు మందగించినవాడు కదా, అధికారి చెప్పిందంతా ఆయనకు వినబడలేదు. నేను ఒప్పుకుంటే చాలు, వదిలేస్తారని అనుకున్నాడు.

"పిల్లా, ఉన్నావా? వీళ్ళకు చెప్పు. ఇదుగో, విను."

ఫోన్ దగ్గరికి తెచ్చి కత్తెర మూశాడు.

సముద్రానికి అవతల, రేవు గోలలో, ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. మొదలు నుంచి మొన దాకా ఎక్కడా ఆగకుండా, తడబడకుండా జారి, చివర్న చిన్న ముద్దులాంటి టిక్కు. మా నాన్న ఉంటే కళ్ళు మూసుకునేవాడు. అంత మంచి జత నేను చాన్నాళ్ళుగా వినలేదు. లీవెన్ చూస్తే వదలడు. "పర్లేదు" అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. అన్నానంటే అవి నావైపోతాయి. నావైతే జప్తు.

"మళ్ళీ చూడు బాబాయ్" అని ఫోన్‌లోకి గట్టిగా అన్నాను.

అధికారి మళ్ళీ ఫోన్ తీసుకుని, "అయితే ఆయనవేనన్నమాట" అన్నాడు మెల్లగా. "పాపం, మొహం చాలా చిన్నబోయిందమ్మా. టీ ఇప్పించి ఓడెక్కిస్తాను."

ఆ పూటంతా నేను ఏ పనీ చేయలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సాయంత్రం లీవెన్‌కు ఫోన్ చేసి, సెప్టెంబరుకు అందవని చెప్పేశాను. అయితే ఇక సోలింగెనే అన్నాడు. హెడ్లీ తనకోసం ఓడెక్కాడని విని మాత్రం నిట్టూర్చాడు.

గురువారం మధ్యాహ్నం నేను భోజనానికి పోయి వచ్చేసరికి కింద గదిలో దీపం వెలుగుతోంది. హెడ్లీ ఓడ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చినట్టున్నాడు, బూట్లకు ఇంకా రేవు బురద ఉంది. కత్తెరలన్నీ విప్పేశాడు. బల్ల నిండా విడివిడిగా అలుగులు, పళ్ళెంలో మరలు.

"నువ్వు సెలవులో ఉన్నావు బాబాయ్. పని చేస్తే చట్టం ఒప్పుకోదు" అన్నాను. నవ్వించాలని.

ఆయన తలెత్తలేదు. "గెంట్ ఏమంది?"

"సోలింగెన్ అంది."

"ఊఁ."

"బాబాయ్, ఆ కత్తెరల్లో ఏ లోపమూ లేదు. అవి నావంటే లాక్కునేవాళ్ళు, నీ పేరు రాసుకునేవాళ్ళు. అందుకే..."

"నేనేం పిచ్చోణ్ణి కాదు. ఓడ కదలకముందే అర్థమైంది." మర బిగిస్తూ అన్నాడు. "పైకి పో. పిలుస్తా."

పైకి పోయాను. మూడో తరం యజమానురాలిని, బడిపిల్లలా నా కుర్చీలో కూర్చుని కింద సుత్తి చప్పుడు కోసం చెవులు రిక్కించాను. సుత్తి చప్పుడు వినిపించనే లేదు. ఎండ వాలి, ఎదురింటి ఇటుకగోడ ఎర్రబడుతున్న వేళ, "పిల్లా" అని కేక వేశాడు.

కత్తెరలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. మొదటిది తీసి నా చేతిలో పెట్టి, ఎప్పటిలాగే గోడ వైపు తిరిగాడు. చెవి దగ్గర పెట్టుకుని మూశాను. నిన్న ఫోన్‌లో విన్నదే, అదే జారుడు, అదే టిక్కు.

"ఏం సరిచేశావు?" అని అడిగాను.

"ఏముందని సరిచేయడానికి? విప్పాను, బిగించాను." గోడతోనే మాట్లాడుతున్నాడు. "ఎందుకన్నావో నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? యాభై ఏళ్ళలో 'మళ్ళీ చూడు' అని మీ నాన్న అనలేదు, నువ్వనలేదు. చెవిలో పడింది కదా, పోవట్లేదు. రాత్రంతా ఓడలో వీటిని మూస్తూనే కూర్చున్నాను. ఇంటికి పోబుద్ధి కాలేదు. చెప్పు."

"పర్లేదు" అన్నాను.

"అన్నీ."

ఒక్కొక్కటే తీశాను. ఒక్కొక్కటే మూశాను. ప్రతిదానికీ ఆ మాట చెప్పాను. సగానికి వచ్చేసరికి మాట సగం మింగేస్తున్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "సరిగ్గా పలుకు" అన్నాడు. ఆఖరి జత పెట్టెలో పడ్డాక తోలు ఏప్రాన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టాడు.

"మిగిలిన సెలవు కూడా తీసేసుకుంటా పిల్లా. మంచి చట్టమే ఇది."

ఆ సెలవు ఎప్పుడో అయిపోయింది. ఆయన రాలేదు, నేను రమ్మనలేదు. నెల మొదట్లో కవరు మాత్రం ఇప్పటికీ వస్తోంది, బల్ల అద్దె. దాన్ని ఇప్పుడు తిప్పి పంపడం లేదు. అద్దె కట్టే మనిషి ఉన్నంతకాలం బల్ల ఎవరికీ ఇవ్వక్కర్లేదు కదా.

ఖాళీగా ఎందుకని నేనే అప్పుడప్పుడూ ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఆయన సుత్తి నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. వారమంతా కుస్తీ పడితే ఒక్క జత కుదిరినట్టు అనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం దాన్ని ఫ్లానెల్ గుడ్డలో చుట్టుకుని, ట్రామెక్కి హెడ్లీ ఇంటికి పోతాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టి, మంచి చెవి దగ్గర పట్టుకుని మూస్తాడు. నేను గోడ వైపు తిరుగుతాను.

"మళ్ళీ చూడు" అంటాడు.

ఆ మాట చెవిలో పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. తిరుగు ట్రాములో కత్తెర ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా మూస్తూనే కూర్చుంటాను.